మేరీ మాతకు ఒక బాన టెల్లా

నా కుడి మణికట్టు విరిగిన రోజు నేను ఏడ్చింది నొప్పికి కాదు. కట్టు కడుతూ డాక్టరమ్మ, "ఆరు వారాలు ఈ చెయ్యి కదపకూడదమ్మా" అంది. మేరీ మాత పండగ ఇక ఇరవై మూడు రోజులే ఉంది. ఆ రోజు, ఆ తల్లి పేరున నెలనెలా కలిసే మా సంఘం వాళ్ళు పన్నెండు మంది మా ఇంటికొస్తారు. వాళ్ళకి నేను టెల్లా పొయ్యాలి. టెల్లా అంటే మా ఇళ్ళలో ఆడవాళ్ళు బాన పెట్టి పులియబెట్టే బార్లీ బీరు. అది నా చేత్తో పెట్టిందే అయ్యుండాలి. అలాగని నేను మాటిచ్చాను, అదీ మనిషికి కాదు.

కిందటేడు మా ఆయన షిఫెరావ్ జిబూతి రేవుకెళ్ళే రోడ్డు మీద లారీ నడుపుతూ, కొండల కింద ఎడారి ఊళ్ళలో మలేరియా తెచ్చుకున్నాడు. అది తలకెక్కింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఒంటి మీద తెలివి లేదు. రోజూ పొద్దున్నే చర్చికెళ్ళి గేటు రాయికి నుదురు ఆనించి, "తల్లీ, అతను లేచి తన కాళ్ళ మీద నా గుమ్మంలోకి నడిచొస్తే, నా చేత్తో ఒక బాన టెల్లా పెట్టి, నీ పండగనాడు నీ సంఘానికి పోస్తాను" అని మొక్కుకున్నాను. పన్నెండో రోజు షిఫెరావ్ కళ్ళు తెరిచి కాఫీ అడిగాడు. నెల తిరక్కుండా నడిచొచ్చాడు, గుమ్మం తగిలి తూలి తిట్టుకున్నాడు కూడా.

ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు, అతనికైతే అసలే చెప్పలేదు. "నీ కోసం ఇది మొక్కాను, అది మొక్కాను" అని మొగుడి ముందు పాట పాడే రకం కాదు నేను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ పదకొండు రోజులూ నేనెంత భయపడ్డానో అతనికి తెలియడం నాకిష్టం లేదు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో నా మాటే చెల్లుబాటవుతోంది. భయపడే మనిషి మాట ఎవరు వింటారు?

సంఘంలో వంతుల ప్రకారం నెలకొక ఇంట్లో విందు. పండగ నెల వంతు నేను అడిగి మరీ తీసుకున్నాను. పైగా అవి ఉపవాసాల రోజులు. మాంసం లేదు, వెన్న లేదు. ఇంజెరా రొట్టె, పప్పు, శనగపిండి పులుసు, అంతే. ఆ విందు బరువంతా టెల్లా మీదే ఉంటుంది. అలాంటప్పుడు వాకిట్లో నీళ్ళ మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను.

కట్టుతో ఇంటికొచ్చేసరికి జెనెబెచ్ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మా సంఘానికి ఆవిడే పెద్ద. మా ఊరు దెబ్రె బెర్హాన్ మొత్తంలో టెల్లా పెట్టడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. నాలుక కూడా అంత పదునే.

"ఏమే వుబిట్, చెయ్యి విరగ్గొట్టుకోడానికి వేరే నెల దొరకలేదా? సరేలే, మా ఇంట్లో ఒక బాన ఎక్కువ పెడతాను. పండగ పొద్దున తెచ్చి నీ ఇంట్లో పడేస్తాను" అంది.

"వద్దు పెద్దమ్మా. మా ఇంట్లోనే పెట్టాలి."

"ఎలా పెడతావు? కాలితోనా?"

అప్పుడు మూలన రేడియో దగ్గర కూర్చున్న షిఫెరావ్, "నేను పెడతాను" అన్నాడు.

పెద్దమ్మ నవ్వుకి అరుగు మీద కోడి కూడా లేచి పారిపోయింది. "నువ్వా? నాయనా, బానకి స్టీరింగు ఉండదురా!"

మా దగ్గర మగాడు టెల్లా తాగుతాడు, వంక పెడతాడు, ఇంకో గ్లాసు అడుగుతాడు. పెట్టడం మాత్రం చెయ్యడు. కానీ షిఫెరావ్ నవ్వలేదు. జబ్బు చేసి లేచాక లారీ ఎక్కొద్దన్నారు డాక్టర్లు. అప్పట్నించి మనిషి ఆ మూలన, ఆ రేడియో పక్కన అలా మిగిలిపోయాడు. పిలిస్తే తప్ప పలికేవాడు కాదు. చాలా నెలల తర్వాత అతను అడక్కుండా అన్న మొదటి మాట అది.

"వుబిట్ చెబుతుంది. నేను చేస్తాను. అంతే కదా?" అన్నాడు.

అంతే కాదు. అది నాకు తెలుసు. కానీ ఇంకో దారి లేదు. మొగుడూ పెళ్ళాం ఒకే శరీరమని పెళ్ళిలో చదివారు కదా, అతని చెయ్యి నా చెయ్యే అవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లోపలి ముల్లు మాత్రం పోలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, పని అయ్యాక మాట తప్పానని ఆ తల్లి అనుకుంటే? ఇచ్చింది తిరిగి తీసుకుంటే?

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. నేను ముక్కాలి పీట మీద, షిఫెరావ్ నేల మీద, మా మధ్యన బాన. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు కదా, నేను చెలరేగిపోయాను.

"గ్రావా ఆకు నలిపి లోపలంతా రుద్దు. అలా కాదు, అడుగున. చేదు దిగాలి. నీళ్ళు పారబొయ్యి. మళ్ళీ రుద్దు."

"ఆరుసార్లు రుద్దాను వుబిట్. నన్ను మా అమ్మ కూడా ఇంతలా రుద్ది స్నానం చేయించలేదు."

"అందుకే ఇలా తయారయ్యావు. ఏడోసారి రుద్దు."

కడిగిన బానకి పొగ పట్టించాలి. అడవి ఆలివ్ చెక్క పేళ్ళు నిప్పు మీద వేసి, ఆ పొగ మీద బాన బోర్లిస్తారు. టెల్లాకి సగం ప్రాణం ఆ పొగే. షిఫెరావ్ లారీ టైరు మార్చేటప్పుడు పెట్టినట్టు మూడు రాళ్ళు పేర్చి, బాన అటూ ఇటూ కదలకుండా నిలబెట్టాడు. అది చూసి నాకు ముచ్చటేసింది. అతనికి చెప్పలేదనుకోండి.

మా కంచె అవతల అప్పటికే పొరుగింటి ఆడవాళ్ళు నలుగురు చేరారు. షిఫెరావ్ రోలు ముందు కూర్చుని గెషో ఆకు దంచుతున్నాడు. టెల్లాకి చేదునిచ్చే ఆకు అది.

"షిఫెరావ్ బావా, నడుముకి శాలువా బిగించు, దెబ్బ గట్టిగా పడుతుంది" అంది ఒకావిడ.

"బావా, మా ఇంట్లో మిరపకాయలు కూడా ఉన్నాయి, దంచి పెడతావా?" అంది ఇంకొకావిడ.

"మీ ఆయన్ని పంపించు, నేర్పుతాను. మా ఇంట్లో బడి పెట్టాం. పంతులమ్మ మాత్రం కొడుతుంది" అన్నాడు షిఫెరావ్, తలెత్తకుండానే.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. వీళ్ళ వేళాకోళానికి ఎదురు వేళాకోళమాడే ఆ మనిషిని ఏడాదిగా చూడలేదు నేను.

దంచిన ఆకు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ పిండి, నీళ్ళు బానలో కలిపి మూత పెట్టాం. దీన్ని మూడు రోజులు వదిలెయ్యాలి. మా ఊరి చలి సంగతి తెలిసిందే, నీళ్ళే వణుకుతాయి. రెండో రోజు దాటినా బానలో చడీ చప్పుడూ లేదు. షిఫెరావ్ గంటకోసారి వెళ్ళి బానకి చెవి ఆనించేవాడు.

"ఏం వింటున్నావు?"

"ఇంజను అందుకోలేదు ఇంకా. చలికి నూనె గడ్డకట్టినట్టుంది" అని, తను కప్పుకునే మందపాటి దుప్పటి తీసుకెళ్ళి బానకి చుట్టేశాడు. ఆ రాత్రి తను నా శాలువా సగం కప్పుకుని పడుకున్నాడు. పొద్దున్నే నన్ను తట్టి లేపి, "అందుకుంది, అందుకుంది! రా, విను" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. నేనూ చెవి ఆనించాను. లోపల సన్నగా చిటపటలు. ముప్పై ఏళ్ళుగా టెల్లా పెడుతున్నాను, ఒక్కనాడూ చెవి పెట్టి వినలేదు.

తర్వాత సగం కాల్చిన మందపు రొట్టెలు తుంచి అందులో వెయ్యాలి. షిఫెరావ్ కాల్చిన రొట్టెలు చూసి, "వీటిని టైర్ల కింద అడ్డం పెడితే లారీ కదలదు" అన్నాను. "ఎలాగూ నానేవే కదా, అందంతో ఏం పని?" అన్నాడు. నిజమే, నానిపోయాయి. ఆ తర్వాత బార్లీ గింజలు కాఫీ రంగు వచ్చేదాకా వేయించి, పిండి కొట్టించి, తడిపి కలిపాం. వేయించేటప్పుడు పొయ్యి ముందు నించి కదిలితే మాడిపోతుందని చెప్పాను. రెండు గంటలపాటు మనిషి కదల్లేదు. పెద్దమ్మ వచ్చి, ఒక గింజ కొరికి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆవిడ ఏమీ అనలేదంటే అది పెద్ద మెచ్చుకోలే.

అలా పదిహేడు రోజులు గడిచాయి. రోజూ నాకంటే ముందు లేచేవాడు షిఫెరావ్. రేడియో మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు చర్చి దగ్గర ఎవరితోనో, "రేపు నా టెల్లాకి నీళ్ళు పొయ్యాలి, తీరదు" అనడం నా చెవిన పడింది. నా టెల్లా అన్నాడు. విన్నాక నాకు ఒకవైపు ఎంత సంతోషమో, ఒకవైపు అంత గుబులు. ఇందులో నా చెయ్యి ఎక్కడుంది తల్లీ? పీట మీద కూర్చుని నోరు ఆడించడం తప్ప నేను చేసిందేముంది?

పద్దెనిమిదో రోజు బాన నిండా నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి, మూత పెట్టి, బూడిద కలిపిన మట్టితో అంచంతా మెత్తాడు. ఇక పండగ దాకా ముట్టుకోకూడదు. గాలి సోకితే టెల్లా పులిసి పాడవుతుంది.

"నాలుగు రోజులు. మూత తీశావో, చేతులు విరగ్గొడతాను" అన్నాను.

"ఇంట్లో ఇప్పటికే ఒక చెయ్యి విరిగుంది. చాలదా?" అన్నాడు.

ఇంత చెప్పిందాన్ని నేనేం చేశానో వినండి.

పండగకి రెండు రోజుల ముందు షిఫెరావ్ పెద్దమ్మ ఇంటి నుంచి గ్లాసులు తేవడానికి వెళ్ళాడు. ఇంట్లో నేనూ బానా మిగిలాం. ఇది బాగా రాకపోతే ఎలా అన్న ఆలోచన పొద్దుట్నించీ తొలిచేస్తోంది. మేరీ మాతకి పోసేది మంచిదో కాదో నాకు తెలియాలి. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క. ఎడమ చేత్తో చెంచా మొనపెట్టి మట్టి పెళ్ళగించాను, మూత జరిపాను, గుడ్డ పక్కకి లాగి చిన్న గరిటె ముంచాను.

తాగాను. ముందు పొగ, తర్వాత చేదు, ఆ వెనకాల వేయించిన బార్లీ కమ్మదనం. నేను పెట్టిన ఏ టెల్లా కంటే కూడా బాగుంది. బాన పక్కనే చతికిలబడి ఏడ్చేశాను. బతికించావు తల్లీ, మనిషినీ బతికించావు, అతని చేతుల్నీ బతికించావు అనుకున్నాను.

తర్వాత గుడ్డ బిగించబోతే ఒంటి చేత్తో ముడి పడలేదు. నోటితో పట్టి లాగాను. మట్టి తడిపి, ఎడమ అరచేత్తో తోచినట్టు మెత్తాను. బాగానే ఉందనుకున్నాను. కంచే చేను మేసిందంటే ఇదే.

పండగ పొద్దున షిఫెరావ్ స్నానం చేసి, తెల్లబట్టలు కట్టుకుని, బాన ముందు కూర్చుని మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. గ్లాసులో ముంచి ఒక గుక్క తాగాడు. అతని మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"పులిసింది వుబిట్. ఎక్కడ తప్పు చేశాను? ఏడుసార్లు రుద్దాను. పొగ సరిగ్గానే పట్టించాను. మట్టి నా చేత్తోనే మెత్తాను, సందు లేకుండా మెత్తాను... మెత్తాననే అనుకున్నాను" అని మొదట్నించీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు.

నేనే మూత తీశానని అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు రాలేదు. ముప్పై ఏళ్ళ పెత్తనం అడ్డం పడింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను ఈ మాట. ఇంతలో వాకిట్లో మాటలు వినిపించాయి, సంఘం వచ్చేసింది.

వాళ్ళతో వచ్చిన చర్చి గురువుగారు ప్రార్థన చేసి రొట్టె విరిచి పంచారు. షిఫెరావ్ కూజాలోకి వడగట్టి, మొదటి గ్లాసు పెద్దమ్మకి ఇచ్చాడు. పెద్దమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, "పులిసింది" అంది మెల్లగా. వెక్కిరించడానికి ఆవిడకీ మనసొప్పలేదు.

షిఫెరావ్ నడిమింట్లో నిలబడి, "తప్పు నాది పెద్దమ్మా. వుబిట్ అన్నీ సరిగ్గానే చెప్పింది. ఈ చేతులకి లారీ తప్ప ఏదీ రాదు" అన్నాడు.

అతను మళ్ళీ ఆ మూలకి, ఆ రేడియో దగ్గరికి వెళ్ళిపోవడం నా కళ్ళకి కనిపించింది. ఇక నా వల్ల కాలేదు.

"అబద్ధం! అతను పెట్టింది బంగారంలా వచ్చింది. మొన్న నేనే మూత తీశాను. దొంగతనంగా తాగాను. ఒంటి చేత్తో సరిగ్గా మూయలేకపోయాను. చెడగొట్టింది నేను" అన్నాను.

"ఎందుకు తీశావే?" అంది పెద్దమ్మ.

"భయమేసింది" అన్నాను. ఆ మాట బయటికొచ్చాక మిగతాది ఆగలేదు. కిందటేటి పదకొండు రోజులూ, చర్చి గేటు రాయీ, నా చేత్తో ఒక బాన అన్న మొక్కూ, అన్నీ చెప్పేశాను. "నా చేత్తో పెడతానన్నాను. పెట్టలేదు. పెట్టింది కూడా చెడగొట్టాను. ఇప్పుడు ఆ తల్లికి మొహం ఎలా చూపించను?"

గురువుగారు ఏదో అనబోయారు. పెద్దమ్మ చేత్తో ఆయన్ని ఆపింది. గ్లాసెత్తి ఇంకో గుక్క తాగి, నోట్లో తిప్పి మింగింది.

"పిచ్చిదానా, పద్దెనిమిది రోజులు ఈ బానలో పడింది వాడి చెయ్యి. నీ చెయ్యి పడకపోతే మొక్కు తీరేదెలా? పడింది. పులిసింది. మేరీ మాత అడిగింది నీ చేతి టెల్లానే కదా, ఇదిగో, అచ్చం నీ చేతి రుచే!" అని గ్లాసు ఖాళీ చేసి షిఫెరావ్ ముందుకి చాపింది. "పొయ్యరా. నిండా పొయ్యి."

ముందు నవ్వింది గురువుగారే. తర్వాత ఇల్లంతా నవ్వింది. పన్నెండు గ్లాసులూ ముందుకొచ్చాయి. "కొంచెం పులుపుంటే పప్పులోకి బాగుంటుంది" అని ఒకరు, "బావా, వచ్చే నెల వంతు నాది, మొలకలకి బార్లీ ఎప్పుడు నానబెట్టాలి?" అని ఇంకొకరు. ఇంత మంచి మనుషుల మధ్య బతుకుతూ నేను దేనికి అంత భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

షిఫెరావ్ మాత్రం నవ్వలేదు. అందరికీ పోసి, కూజా పట్టుకుని నా పీట దగ్గరికొచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"పదకొండు రోజులూ ఆ గేటు దగ్గర నిలబడ్డావా?"

"లేదు. కాళ్ళు నొప్పెట్టినప్పుడు కూర్చున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నెత్తికెక్కుతావని."

అతని కళ్ళు నిండి ఉన్నాయి, నావీ అంతే. "నా ప్రాణానికి ఒక్క బానేనా వుబిట్? ముప్పై ఏళ్ళ కాపురం చేసి, ఇంకో రెండు బానలు పలక్కపోయానా?" అన్నాడు.

"ఒక్కదానికే ఇంత చేశావు" అన్నాను.

అప్పుడు నవ్వాడు. గ్లాసు నింపి నాకు అందించాడు. నా కుడి చెయ్యి కట్టులో ఉంది, మొక్కు గ్లాసు ఎడమ చేత్తో పుచ్చుకోకూడదు. అది చూసి తనే రెండు చేతులతో పట్టుకుని నా నోటికి ఆనించాడు. గెషో ఆకు దంచి దంచి ఆ అరచేతులు కాయలు కాసి ఉన్నాయి.

టెల్లా పుల్లగా ఉంది. నిండు గ్లాసు, ఒక్క చుక్క వదలకుండా తాగాను. నాకు మనిషినిచ్చావు తల్లీ, నీకు రుణపడి ఉంటాను అని లోపల అనుకోలేదు ఈసారి. సంఘమంతా వినేలా, అతను వినేలా, పైకే అన్నాను.